నలభై అయిదు అంగుళాల ఖాళీ

అతను మా గేటు ముందు మొదటిసారి నిలబడింది 1998 జూన్ 20, శనివారం, ఉదయం ఏడు గంటల పది నిమిషాలకు. నేను రమ్మన్నది ఏడింటికి. ఆలస్యం ఎందుకైందని అడిగాను. తలమీది గోరింట కొమ్మల మోపు దించకుండానే జవాబిచ్చాడు.

"దార్లో పనసచెట్లు మూడున్నాయి టీచరమ్మా. కాయలు నెక్కెట్టకుండా ఎలాగొస్తాను?"

"ఎన్నున్నాయి?"

"మధ్యలో నెక్క తప్పిపోనాది. మళ్లీ మొదట్నించి ఎట్టినాను. అందికే ఆలీసెం."

ముప్పై మూడేళ్లు టెక్కలి బళ్లో లెక్కలు చెప్పి, ఆ ఏప్రిల్ ముప్పయ్యిన రిటైరై, కాశీబుగ్గలో చిన్న ఇల్లు కట్టుకున్నదాన్ని. లెక్క తప్పితే మొదటి నుంచి పెట్టే మనిషి నాకు ఎక్కువగా తగల్లేదు. లోపలికి రానిచ్చాను.

ఇప్పుడు ఇదంతా వ్రాయడానికి కారణం వడ్రంగి. గడచిన గురువారం, 2009 నవంబరు 12న, మా పెరటి మూల ఎండిన పనసచెట్టును కొట్టించాను. మొద్దును అరచేత్తో తట్టి వడ్రంగి అన్నాడు, "సేవ ఇంకా పట్టనేదమ్మా, లోన కర్ర గట్టిపడనేదు. గుమ్మానికి సాలదు. కిటికీ సట్రాలకైతే పనికొత్తాది." రంపపు పొట్టు పచ్చగా నేలంతా పడింది. ఆ పసుపు చూస్తుంటే అతను కళ్లముందుకు వచ్చాడు. వీధిలో అందరూ అతన్ని కంచె మావ అనేవారు. పేరు నా నోటుబుక్కులో ఉంది. ఇక్కడ వ్రాయను. తన పేరు ఎవరైనా బిగ్గరగా పిలిస్తేనే వెనక్కి తిరిగి చూసి సిగ్గుపడే మనిషి.

నాకు కావలసింది కంచె. ముందువైపు గోడ కట్టగలిగాను, మిగిలిన మూడు వైపులకు ఓపిక లేకపోయింది. అరవై, ముప్పై ఆరు, అరవై అడుగులు. మొత్తం నూట యాభై ఆరు. తొమ్మిది అంగుళాలకొక గోరింట కొమ్మ నాటితే రెండువందల తొమ్మిది. రెండువందల ఎనిమిది అని చెప్పేవాళ్లు చివరి మొక్కను మరిచిపోతారు. ఏటా సగం తరగతి ఆ తప్పు చేసేది. గోరింట ఎందుకంటే, ఏడాది పొడవునా పచ్చగా ఉంటుంది, మేకల్ని రానివ్వదు, రోడ్డు దుమ్మును ఆపుతుంది, నాటిన రెండో ఏటికల్లా చెప్పిన ఎత్తుకు వస్తుంది. నాకు మూడున్నర అడుగుల ఎత్తు, అడుగున్నర వెడల్పు కావాలి.

సాయంత్రం అతను చేతులు కడుక్కుంటుంటే నేను వెళ్లి లెక్కపెట్టాను. రెండువందల అయిదు. మళ్లీ పెట్టాను. రెండువందల అయిదే. నైరుతి మూల నాలుగు మొక్కలు లేవు. అక్కడ నలభై అయిదు అంగుళాల ఖాళీ, ఖాళీ మధ్యలో కొబ్బరి పీచు చుట్టిన జానెడు మొక్క. నాలుగు ఆకులు.

"ఇదేమిటి?"

"పనస."

"నేను అడిగానా?"

"అడగనేదు. కంచె మీరడిగినారు, ఏసినాను. ఇది నానడుగుతన్నాను."

కంచెకు పనస అడ్డమన్నాను. వేళ్లు పునాదిలోకి పోతాయన్నాను. కాపుకు ఏడెనిమిదేళ్లు పడుతుంది, అప్పటికి నేనెంతదాన్నో లెక్క వేసి చెప్పాను. ఆకులు ఊడ్చుకోవాలన్నాను. అన్నీ విన్నాడు. తర్వాత మోకాళ్లమీద కూర్చుని ఆ మొక్క చుట్టూ మట్టి నొక్కుతూ, నా వైపు చూడకుండా అన్నాడు.

"కంచె నీది నాది అని సెప్తాది టీచరమ్మా. అది దాని పని. పండు అలగ సెప్పదు కదా. వాసన గోడ దాటిపోతాది."

"అయితే ఈ చెట్టు ఎవరిది?"

"మీదే. మొదటి పండు మాత్రం నాది. రాసుకోండి, మీరు రాసుకుంటారు కదేటి."

వ్రాసుకున్నాను. ఆ రోజు పేజీలో అడుగున ఉంది: మొదటి పండు అతనిది.

ఆ తర్వాత నెలకు రెండు శనివారాలు వచ్చేవాడు. నల్లగా మెరిసే పొడవాటి కత్తెర, మెడలో తువ్వాలు, సైకిలు వెనక గోనె సంచి. మనిషి వచ్చాడని నాకు ముందు కత్తెర చప్పుడే చెప్పేది. గేటు బయట రెండుసార్లు గాలిని కత్తిరించేవాడు. అది అతని తలుపు తట్టడం.

కంచె సమంగా రావడానికి నేను నైలాను తాడు, రెండు మేకులు కొని ఇచ్చాను. తాడును మడిచి మళ్లీ నా చేతికే ఇచ్చాడు. ఎడమ కన్ను మూసి, పళ్లమధ్య ఒక గోరింటాకు పెట్టుకుని, కంచె చివర వంగి చూసేవాడు. చూసి మొదలుపెడితే మరో చివరకు వెళ్లేదాకా ఆగేవాడు కాదు. అతను వెళ్లాక స్కేలు పెట్టి కొలిచేదాన్ని. అర అంగుళానికి మించి తేడా వచ్చిన రోజు లేదు. నేను కొలుస్తున్నానని అతనికి తెలుసు. ఒకసారి గేటు దగ్గర ఆగి, "ఎంతొచ్చింది మార్కులు?" అన్నాడు.

కత్తిరిస్తున్నంతసేపూ మొక్కల్ని తిడుతుండేవాడు. "ఏటే నీకంత తొందర? ఎక్కడికెళ్లిపోతావు? పక్కదాన్ని సూసి నేర్సుకో." ఆషాఢంలో వీధి ఆడపిల్లలు గోరింటాకు కోసం వచ్చేవారు. వాళ్లకోసం లేత కొమ్మలు వేరుగా ఓ కుప్ప వేసేవాడు. వాళ్లు "మావా, ఇంకొంచెం" అంటే, "మీ సేతులెన్ని, పదా?" అనేవాడు. ఇంత చేసేవాడు, కంచెమీద ప్రేమ మాత్రం లేదు.

"కంచెకి ఎప్పుడూ ఒకటే వయసు టీచరమ్మా. ఎదగనివ్వం, సావనివ్వం. ఇదేటి బతుకు?"

"అది ఎదిగితే నీకు పని ఉండదు."

"అదీ నిజమే," అని నవ్వి మళ్లీ కత్తెర అందుకునేవాడు.

పని అయ్యాక చెంబుడు నీళ్లు రెండుసార్లు తాగేవాడు. మా కాశీబుగ్గ నీళ్లు చప్పనివనీ, మందస పక్కన తమ ఊరి బావి నీళ్లు తియ్యనివనీ ప్రతిసారీ అనేవాడు. తర్వాత నైరుతి మూలకు వెళ్లేవాడు. పనస దగ్గర కత్తెర కింద పెట్టేసేవాడు. దాన్ని వెంట తీసుకుని ఆ చెట్టు దగ్గరకు వెళ్లగా నేనెప్పుడూ చూడలేదు. అక్కడ ఏ పనీ చేసేవాడు కాదు. అయిదారు నిమిషాలు నిలబడి వచ్చేసేవాడు.

ఎందుకలా నిలబడతాడో 2001 జులై 14న తెలిసింది. కంచె సగం అయ్యేసరికి వాన పట్టుకుంది. వసారాలో బెంచీమీద కూర్చున్నాడు. నేను అడగలేదు, తనే చెప్పాడు. ఊళ్లో వాళ్లమ్మ పెంచిన పనసచెట్టొకటి ఉండేది. తొనలు సన్నం, రంగు నూరిన పసుపు కొమ్ము. అన్ని పనసలూ తియ్యగానే ఉంటాయి, ఆ పండుకు మాత్రం మింగిన తర్వాత గొంతులో అల్లం తగిలినట్టుండేదట. ఆ ఊరు చుట్టూ వందల చెట్లున్నా అలాంటిది మరొకటి లేదట.

"అమ్మ పోనాక మాయన్న దాన్ని గుమ్మాలకని అమ్మీసినాడు. కబురు తెలిసి నానెల్లేసరికి బండిమీద ఎక్కించీసినారు. కింద ఒక పండు పగిలి పడున్నాది. సీమలు పట్టీసినాయి. పిక్కలేరుకొచ్చినాను. తొమ్మిది. ఒకటే మొలిసింది."



"మరి నీ ఇంట్లోనే నాటుకోకపోయావా?"

"లైనింట్లో నాకు జాగా ఎక్కడిది? ఎనకాల మూడడుగులు. మేకలు."

"అయితే ఈ చెట్టుకు అదే రుచి వస్తుందా?"

"పిక్క నుంచి పుట్టింది తల్లిలాగ ఉంతాదని రూలు నేదు టీచరమ్మా. ఒకోటి మారిపోతాది. తింతేగాని తెల్దు. అమ్మ సెట్టు పండు తిన్నోడికే తెలుస్తాది. అమ్మ నేదు. ఇంక నానూ, మాయన్నా."

2003లో వాళ్లన్న పోయాడు. కొబ్బరి, జీడి, పనస తోటల మా ఉద్దానంలో అప్పటికే ఇంటింటా వినిపిస్తున్న కిడ్నీల జబ్బు. నీరు అన్నారు, మట్టి అన్నారు. కారణం ఇప్పటికీ ఎవరూ తేల్చలేదు. దినాలు అయ్యాక శనివారం పనికి వచ్చి, కంచె కత్తిరించి, పనస దగ్గర నిలబడి వచ్చి ఒక్క మాటే అన్నాడు. "ఇంక నానొక్కన్నే."

2004 ఆగస్టు 7న అతను వెళ్లాక స్కేలు పెట్టాను. తూర్పు వైపు కంచె ఒక చివర మూడున్నర అడుగులుంది, మరో చివర దానికి రెండు అంగుళాలు తక్కువ. ఆరేళ్లలో మొదటిసారి. తర్వాతి శనివారం గట్టిగానే మాట్లాడాను. పని మీద మనసు పెట్టమన్నాను. తల వంచుకుని విన్నాడు. "కన్ను మసకేత్తన్నాది," అన్నాడు. అప్పుడు చూశాను, పాదాలు. చెప్పుల పట్టీ దిగబడి గుంట పడేంత వాచి ఉన్నాయి. డాక్టరు కన్నా ముందు నా స్కేలు ఆ జబ్బును చూసింది. చూసి, నేను చేసింది తిట్టడం.

విశాఖ ఆసుపత్రికి వెళ్లివచ్చి, సెప్టెంబరు 18న ఒక ఇంగ్లీషు కాగితం తెచ్చి నా ముందు పెట్టాడు. ఏమేమి తినకూడదో ఉంది అందులో. తెలుగులో వ్రాసిమ్మన్నాడు. రూళ్ల కాగితంమీద, ఇంట్లో ఎవరైనా చదువుకునేలా పెద్ద అక్షరాలతో వ్రాశాను. పదకొండు వరుసలు వచ్చాయి. కొబ్బరినీళ్లు, అరటిపండు, జీడిపప్పు. నాలుగో వరుస, పనసపండు. వ్రాసేటప్పుడు చెయ్యి ఆగలేదు. ఉన్నది ఉన్నట్టు వ్రాయడం నా అలవాటు. పైకి చదివి వినిపించాను. అతను నవ్వాడు.

"ఇంకేటి మిగిలింది టీచరమ్మా? ఉద్దానవంతా రాసీసినారు కదా."

ఆ తర్వాత కత్తెర పట్టలేకపోయాడు. కంచె పనికి వేరే మనిషిని పెట్టాను. ఆ కొత్త మనిషికి తాడు కట్టినా వంకరే వచ్చేది. కంచె మావ మాత్రం ఒంట్లో బాగున్న శనివారాల్లో భార్య భుజం పట్టుకుని ఆటోలో వచ్చేవాడు. ఆమె జీడి ఫ్యాక్టరీలో గింజలు కొడుతుంది. జీడినూనెకు వేళ్లు నల్లబడి ఉండేవి. ఆమె గేటు దగ్గరే ఆగి, "ఎల్లు, నీ మేనకోడల్ని సూసుకునిరా," అనేది. అతను నైరుతి మూలకు నడిచేవాడు. కంచె వంకర చూసి కొత్త మనిషిని ఏమీ అనేవాడు కాదు. నన్ను చూసి మాత్రం, "ఈడికి ఎన్ని మార్కులేత్తన్నారు?" అనేవాడు.

2006 ఫిబ్రవరిలో పనస పిందె వేసింది. మూడు. రెండు రాలిపోయాయి. ఒకటి మిగిలింది, చెట్టు మొదట్లో, మోకాలి ఎత్తున. నెలనెలా చుట్టుకొలత తీసి వ్రాసుకున్నాను. అతను వచ్చినప్పుడు అంకెలు చెప్పేదాన్ని. వేలి కణుపులతో కొట్టి, చెవి ఆనించి వినేవాడు. "ఇంకా పచ్చిమాటే మాటాడతన్నాది," అనేవాడు.

జూన్ 10, శనివారం, వాసన వీధిలోకి వెళ్లింది. ఆ మధ్యాహ్నమే కోయించాను. మొదటి పండు అతనిదని వ్రాసి ఉంది. జాబితా కూడా నా చేత్తోనే వ్రాసి ఉంది. రెండూ నావే. చాలాసేపు ఆలోచించి మూడో దారి కనిపెట్టాననుకున్నాను. అతనూ వచ్చే మా బాప్టిస్టు సంఘంలో చెట్టు తొలికాపు దేవునికి ఇచ్చే అలవాటుంది. ఆదివారం ఆరాధనయ్యాక వరండాలో వేలం పాట పెడతారు. పాడుకున్నవాళ్లు అక్కడే కోసి అందరికీ పంచుతారు. అతని పేరున ఇచ్చేస్తే, పండు అతనిదే అవుతుంది, తినడమూ ఉండదు. లెక్క సరిపోయింది. కబురు పంపితే అతను ఒప్పుకున్నాడు. "మీ ఇష్టం," అన్నాడట.

మర్నాడు వరండాలో పెద్దలు హుషారుగా ఉన్నారు. "పాట పెంచు బావా, వాసనకే సగం డబ్బులవుతాయి!" "నీ జేబు సూసి పండు సిన్నబోతన్నాది మావా!" జీడి ఫ్యాక్టరీ మేస్త్రీ ఒకాయన పాడుకున్నాడు. కత్తికీ చేతులకూ నూనె రాసుకుని నేలమీదే చీల్చాడు. తొనలు సన్నగా ఉన్నాయి. పసుపు కొమ్ము రంగు.

అతను స్తంభానికి ఆనుకుని కూర్చున్నాడు. ఆ రంగు చూడగానే వీపు నిటారు చేశాడు.

నాకొక తొన ఇచ్చారు. నిలబడే తిన్నాను. అతను నా నోటి వైపే చూస్తున్నాడు.

"టీచరమ్మా, మింగినాక ఏటైనా తగిలినాదా?"

నేను మింగేశాను. అతను అడిగేదాకా ఆ సంగతి నాకు గుర్తు లేదు. పక్కవాళ్లతో మాట్లాడుతూ తిన్నాను. పండు చుట్టుకొలత నాలుగు నెలలు వ్రాసుకున్నదాన్ని, దాని రుచి గమనించలేదు.

"తియ్యగా ఉంది," అన్నాను.

"తీపి అన్నిటికీ ఉంతాది." చెయ్యి చాపాడు. "ఒక్క తొన ఇయ్యండి. తిన్ను. నాలికమీద ఎట్టుకుని ఊసేత్తాను. ఒక్కపాలి."

మేస్త్రీ ఒక తొన తీసి అతని చేతిలో పెట్టబోయాడు. నేను ఆపాను. "వద్దు. డాక్టరు వ్రాశాడు. నాలుగో వరుస," అన్నాను. తరగతిలో అనే గొంతుతోనే అన్నాను. మేస్త్రీ తొనను తిరిగి ఆకులో పెట్టాడు. భార్య అతని వైపు, నా వైపు చూసి తల దించుకుంది.

చాపిన చెయ్యి కాసేపు అలాగే ఉంచి, తర్వాత తువ్వాలుకు తుడుచుకున్నాడు. ఆ చేతిలో ఏమీ లేదు తుడుచుకోవడానికి.

"సరే టీచరమ్మా. మీ కంచె దాటను," అన్నాడు.

అందరూ తిని ఊసిన పిక్కలు తెచ్చిపెట్టమని భార్యను అడిగాడు. పన్నెండు దొరికాయి. తువ్వాలు కొసన ముడి వేసుకున్నాడు.

ఇంటికి వచ్చి, నా దగ్గర ఉంచుకున్న ఆసుపత్రి కాగితం నకలు తీసి మళ్లీ చదివాను. తినకూడనివి అని ఉంది. నాలుకమీద పెట్టుకోకూడదని ఏ వరుసలోనూ లేదు. ఒక్కొక్క మాట చూసి తెలుగు చేసిన నాకు ఆ ముక్క తెలియాలి. వెళ్లి చెప్పవచ్చు. పండు అప్పటికే అయిపోయింది. వచ్చే ఏడు ఇద్దామనుకున్నాను.

జులై 2, ఆదివారం, తెల్లవారుజామున పోయాడు. ఇరవై ఒకటో రోజు.

సమాధి కార్యక్రమం అయ్యాక భార్య నన్ను లైనిల్లు వెనక్కి తీసుకెళ్లింది. గోడకూ కాలవకూ మధ్య మూడడుగుల జాగా. పన్నెండు పిక్కలూ అక్కడ నాటాడట. అయిదు మొలిచాయట. నాకు అయిదు పుల్లలు కనిపించాయి, ఒక్కదానికీ ఆకు లేదు.

"మేకలమ్మా," అంది ఆమె. "కంచె ఏసీ ఓపిక నేకపోనాది. ఒంట్లో బాగుంతే మీ కాడికొచ్చి గోరింట కొమ్మలు తెస్తానన్నాడు. టీచరమ్మ కొమ్మలు తిన్నగుంతాయి, అయ్యే ఏస్తానన్నాడు."

ఎనిమిదేళ్లు, నెలకు రెండుసార్లు, మా కంచెలోంచి తీసిన కొమ్మలు మోపులకొద్దీ బయట పారవేయించాను. కొమ్మ గుచ్చితే బతికే మొక్క అది. ఒక్క మోపు ఇంటికి తీసుకెళ్లమని నేను అనలేదు, అతనూ అడగలేదు.

2007లో పనస ఏడు కాయలు కాసింది. ఈసారి మౌనంగా, కళ్లు మూసుకుని తిన్నాను. మింగాక గొంతులో ఏదో తగిలినట్టుంది. అది అల్లమో, అతను చెప్పిన మాటో తేల్చుకోలేకపోయాను. ఏడు పళ్లూ అలాగే తిన్నాను. పోల్చి చెప్పేవాళ్లు లేరు. అతని భార్య వాళ్ల ఊరి తల్లిచెట్టు పండు ఎప్పుడూ తిన్నది కాదు; ఆమెది సోంపేట వైపు.

కంచె మాత్రం ఏ మనిషిని పెట్టినా సరిగా రాలేదు. ప్రతి శనివారం ఆ వంకర చూడలేక 2008 మార్చిలో పీకించి ఇటుకగోడ కట్టించాను. తాపీమేస్త్రీకి గోడ తిన్నగా రావాలన్నాను, పనస దగ్గర కూడా వంపు తిరగకూడదన్నాను. పునాదికి రెండడుగుల లోతు కందకం తీశారు. చెట్టుకు ఆ వైపు వేళ్లన్నీ తెగాయి. ఆ ఏడు కాపు నిలవలేదు. ఈ ఏడు ఆకు రాలిపోయింది. గోడ బాగానే ఉంది. స్కేలు పెట్టి చూశాను, తేడా లేదు.

వడ్రంగి బండి వెళ్లాక ఆ రోజు పేజీలో ఇలా వ్రాశాను.

పోయినవి: గోరింట మొక్కలు, రెండువందల అయిదు. పనస మొలకలు, అయిదు. పనసచెట్టు, ఒకటి. మనిషి, ఒకడు. ఆ చెట్టు తన తల్లి చెట్టులాంటిదో కాదో చెప్పగలిగిన నాలుక, ఒకటి.

నేను ఇవ్వకుండా ఆపినది: తొన, ఒకటి.